నొప్పి ముందు తెలిసేది నర్సుకే.. సంతకం అధికారం మాత్రం లేదు

రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి పొద్దున్నే వెళ్తే పాతబస్తీ నుంచి వచ్చినవాళ్లను గుర్తుపట్టడం కష్టం కాదు. చాంద్రాయణగుట్ట, తలాబ్‌కట్ట, కిషన్‌బాగ్, నవాబ్ సాహెబ్ కుంట.. ఆటోలో రోగి, పక్కన బుర్ఖాలో కూతురో కోడలో, చేతిలో పాలిథిన్ కవరు. అందులో స్కానింగ్ ఫిల్ములు, ఓపీ చిట్టీలు, రేషన్ కార్డు జిరాక్సు. డాక్టర్ గదిలో వీళ్లకు దొరికేది కొన్ని నిమిషాలే. చెప్పింది సగం అర్థమవుతుంది, సగం కాదు. బయటికొచ్చాక మొదట కనిపించిన నర్సును ఆపి అడిగే మాట ఒక్కటే: "సిస్టర్, డాక్టర్ సాబ్ క్యా బోలే?"

ఆ ప్రశ్నకు ఆగి జవాబు చెప్పే నర్సు దొరికితే ఆ కుటుంబం అదృష్టం. "డాక్టర్‌నే అడగండమ్మా" అని ముందుకెళ్లిపోయే నర్సు దొరికినా ఆమెను తప్పుపట్టడానికి లేదు. ఆమె కోసం ఇంకా ఎన్ని మంచాలు ఎదురుచూస్తున్నాయో చూడాలి కదా.

క్యాన్సర్ వైద్యంలో రోగి తరఫున మాట్లాడే మనిషి ఎక్కువసార్లు నర్సే. కీమో సూది ఎక్కించేది ఆమె, వాంతి పట్టేది ఆమె, రాత్రి మూడింటికి మూలుగు వినేది ఆమె. 'ఈ మందు ఈమెకు సరిపోవడం లేదు సార్' అని రౌండ్స్‌లో చెప్పేది కూడా ఆమే. కానీ ఆ పనిని ఆమె తన దయతో చేస్తోంది. దానికి కావాల్సిన సమయం, హోదా, అధికారం ఆమె చేతిలో లేవు. దయ మీద మాత్రమే నడిచే ఏర్పాటుకు ఒక ఇబ్బంది ఉంది. ఆ నర్సు బదిలీ అయిన రోజు అది ఆగిపోతుంది.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, క్యాన్సర్ లెక్కలు హైదరాబాద్‌ను గట్టిగానే హెచ్చరిస్తున్నాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ గ్లోబోకాన్ 2022 అంచనా ప్రకారం మన దేశంలో ఒక్క ఏడాదిలో కొత్తగా క్యాన్సర్ బారిన పడినవాళ్లు 14 లక్షలకు పైనే, చనిపోయినవాళ్లు 9 లక్షలకు పైనే. ఐసీఎంఆర్ జాతీయ క్యాన్సర్ రిజిస్ట్రీ 2020లో ఇచ్చిన నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు దేశంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన చోటు హైదరాబాద్ జిల్లాయే. వయసుల తేడా సర్దుబాటు చేశాక లక్ష మంది మహిళలకు 48 కేసులు.

ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని అనలేం. హైదరాబాద్ రాష్ట్రంలో మంత్రిగా పనిచేసి, తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నర్ అయిన మెహదీ నవాజ్ జంగ్ పేరుతో 1955లో మొదలైన ఎంఎన్‌జేకు 2023లో 300 పడకల కొత్త బ్లాకు వచ్చింది. అరబిందో ఫార్మా ఫౌండేషన్ నిధులతో కట్టారు. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. జిల్లా ఆస్పత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు పెడతామని కేంద్రం 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించింది. ఉస్మానియాకు గోషామహల్‌లో కొత్త భవనం కోసం 2025 జనవరి 31న శంకుస్థాపన కూడా అయింది.

ఈ ప్రకటనలన్నిటిలోనూ అంకె ఒక్కదాని గురించే: పడకలు. మంచం ఎన్ని అన్నది శిలాఫలకం మీద ఉంటుంది, మంచం పక్కన ఎవరు నిలబడతారన్నది ఉండదు. చిన్న లెక్క వేద్దాం. టీచింగ్ ఆస్పత్రిలో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన ప్రమాణం. అంటే 300 పడకల బ్లాకుకు ఒక షిఫ్టులో 100 మంది. మూడు షిఫ్టులకు 300 మంది. సెలవులు, వారాంతపు ఆఫ్‌లకు మరో 30 శాతం కలిపితే 390. ఇది ఏదో ఒక ఆస్పత్రిలో ఉన్న సంఖ్య అని కాదు, కాగితం మీది ప్రమాణం అడిగే సంఖ్య. ఏ ప్రభుత్వ ఆస్పత్రి వార్డులోనైనా రాత్రి పదింటికి ఒకసారి నడిచి చూస్తే కాగితానికీ వార్డుకూ ఎంత దూరమో తెలుస్తుంది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ఒకేసారి దాదాపు 7 వేల మంది స్టాఫ్ నర్సులకు ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలిచ్చింది. మంచి అడుగే. అయితే వాళ్లంతా రాష్ట్రంలోని ఆస్పత్రులన్నిటికీ సర్దాల్సినవాళ్లు. పైగా సాధారణ వార్డు నర్సుకూ క్యాన్సర్ నర్సుకూ పనిలో చాలా తేడా ఉంది.

ఆ తేడా అన్నిటికన్నా బాగా తెలిసేది నొప్పి దగ్గర.

ముదిరిన క్యాన్సర్ నొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986 నుంచీ చెబుతున్న ప్రధాన మందు నోటితో వేసుకునే మార్ఫిన్. ఖరీదైనదేమీ కాదు. మామూలు 10 మిల్లీగ్రాముల మాత్ర ప్రభావం సుమారు నాలుగు గంటలు ఉంటుంది. అందుకే నొప్పి వచ్చాక కాదు, రాకముందే గడియారం చూసి వేయాలి. మోతాదు ఒక్కో మనిషికి ఒక్కోలా ఉంటుంది. చాలనప్పుడు పెంచాలి. మార్ఫిన్‌తో మలబద్ధకం ఖాయం కాబట్టి విరేచనానికి మందు కూడా మొదటి రోజే మొదలుపెట్టాలి. ఈ చివరి మాట చెప్పక, కడుపు బిగదీసుకుని, నొప్పి మాత్రే మానేసిన రోగులు ఎంతోమంది. చెప్పాల్సింది ఎవరు? నర్సు.

ఇంత తేలికైన మందు ఎందుకు అందదు? 1985లో వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టం మత్తు పదార్థాల మీద కట్టడి బిగించింది. దాంతో పాటే ఆస్పత్రుల్లో మార్ఫిన్ వాడకం కూలిపోయింది. 1985లో దేశం మొత్తం మీద 716 కిలోలు వాడితే 1997 నాటికి అది 18 కిలోలకు పడింది. ఒక్కో రాష్ట్రంలో నాలుగైదు లైసెన్సులు, ఒకటి వచ్చేలోపు మరొకదాని గడువు అయిపోవడం.. ఫార్మసీలు ఈ గొడవ ఎందుకని మందే పెట్టుకోవడం మానేశాయి. 2014లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆస్పత్రులకు ఒకే అనుమతి చాలనే పద్ధతి తెచ్చింది. అయినా అలవాటు త్వరగా మారలేదు. 2017లో లాన్సెట్ కమిషన్ లెక్క కడితే, నొప్పి నివారణకు అవసరమైన మార్ఫిన్ తరహా మందుల్లో భారత్‌లో అందుతున్నది 4 శాతమే. వందమంది అవసరానికి నలుగురి మందు.

పాతబస్తీ ఇళ్లలో దీనికి మరో అడ్డం ఉంది. చిట్టీ మీద మార్ఫిన్ అని చూడగానే ఇంటి పెద్ద అడిగే ప్రశ్న: "ఏ అఫీమ్ హై నా?" అవును, పుట్టుక నల్లమందు నుంచే. నషా అయితే హరామ్ కదా అన్న భయం ఒకటి, అలవాటైపోతుందేమో అన్న భయం మరొకటి, ఇది మొదలుపెట్టారంటే ఇక ఆశ లేదన్నమాటే అన్నది అన్నిటికన్నా పెద్ద భయం. మత్తు కోసం తీసుకోవడం వేరు, వైద్యుడు రాసిన మందు అవసరానికి తీసుకోవడం వేరు అని ఉలమా చెబుతూనే ఉన్నారు. కానీ ఆ మాట రోగి మంచం దాకా రావాలంటే మధ్యలో ఒక మనిషి కావాలి.

రంజాన్‌లో ఇది ఇంకా ముదురుతుంది. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని అందరికీ తెలుసు. అయినా "ఇదే ఆఖరి రంజాన్ కావచ్చు" అని పట్టుబట్టే తల్లులు ఉంటారు. పగలంతా మాత్ర మానేసి, ఇఫ్తార్ దాకా పళ్లు బిగబట్టి, రాత్రి ఒకేసారి నొప్పితో అల్లాడతారు. అలవాటు తెలిసిన నర్సు ఇక్కడ వాదన పెట్టుకోదు. డాక్టర్‌కు సంగతి చెప్పి, పన్నెండు గంటలు పనిచేసే రకం మాత్ర సహరీకీ ఇఫ్తార్‌కూ కుదురుతుందేమో అడుగుతుంది. కుదరకపోతే మినహాయింపు గురించి ఇమామ్ సాబ్‌తోనే చెప్పించమని కొడుకును పంపుతుంది. పాఠ్యపుస్తకంలో లేని ఈ తెలివికి జీతం స్లిప్పులో ఏ గడీ లేదు.

రోగి తరఫున మాట్లాడడమంటే ప్రతిసారీ డాక్టర్‌తో మాట్లాడడం కూడా కాదు. కొన్నిసార్లు రోగి ఇంటివాళ్లతోనే. "అమ్మీకి చెప్పొద్దు సిస్టర్, తట్టుకోలేదు" అని కొడుకు కారిడార్‌లో చేతులు పట్టుకుంటాడు. లోపల అమ్మీ అదే సిస్టర్‌ను అడుగుతుంది: "నాకు సర్తానే కదా? వీళ్లు చెప్పడం లేదు." రెండు వైపులా ప్రేమే, మధ్యలో నర్సు. అబద్ధం చెబితే రోగి ఇక ఏదీ నమ్మదు, నిజం చెబితే ఇంటివాళ్లు ఊరుకోరు. శిక్షణ ఉన్న నర్సు అయితే ముందు కొడుకును కూర్చోబెట్టి, "మీ అమ్మకు ఎంత తెలుసో మనకు తెలుసా?" అని మొదలుపెడుతుంది. ఇది గంట పని. వార్డులో నర్సుకు గంట ఎక్కడిది?

పర్దా సంగతీ అంతే. రొమ్ములో గడ్డ తగిలిన చాలామంది మహిళలు నెలల తరబడి ఎవరికీ చెప్పరు, అన్ని మతాల్లోనూ ఇదే. మగ డాక్టర్ ముందు దుపట్టా తీయడం కన్నా చావే నయమనుకునేవాళ్లు ఉన్నారు. ఆలస్యమైతే గడ్డ పుండవుతుంది, పుండు వాసన వేస్తుంది. ఆ వాసన గురించి ఎవరూ రాయరు. మనవలు దగ్గరికి రారు, పళ్లెం వేరుగా పెడతారు, ఆమె తనంతట తానే మూల గదికి మారిపోతుంది. మెట్రోనిడజోల్ మాత్రను పొడి చేసి శుభ్రం చేసిన పుండు మీద చల్లితే ఆ వాసన చాలావరకు తగ్గుతుంది. డాక్టర్ సలహాతో పాలియేటివ్ నర్సులు ఇంటివాళ్లకు నేర్పే పని ఇది. కొద్ది రూపాయల మాత్ర. దానితో ఒక మనిషి మళ్లీ దస్తర్‌ఖాన్ దగ్గర అందరితో కూర్చోగలుగుతుంది. గుట్కా, జర్దా తిని నోటి క్యాన్సర్ తెచ్చుకున్న మగవాళ్ల ఇళ్లలో అయితే ముక్కులోంచి వేసిన ట్యూబు ద్వారా జావ ఎలా పట్టాలో కోడలికి నేర్పాలి.

ఇక అధికారం సంగతి. మన దగ్గర మార్ఫిన్ రాయగలిగేది డాక్టర్ మాత్రమే. రోగి ఇంటికెళ్లి, నొప్పి చూసి, నిన్నటి మోతాదు చాలడం లేదని స్పష్టంగా తెలిసినా, నర్సు తనంతట మార్చలేదు.

ఈ కథ లోకానికి కొత్త కాదు. నేటి హాస్పిస్ ఉద్యమానికి ఆద్యురాలిగా చెప్పుకునే సిసిలీ సాండర్స్ లండన్‌లో మొదట నర్సు. నడుము నొప్పి వల్ల ఆ పని వదిలి ఆస్పత్రి సోషల్ వర్కర్ అయ్యారు. వార్సా నుంచి శరణార్థిగా వచ్చి 1948లో క్యాన్సర్‌తో చనిపోయిన డేవిడ్ తాస్మా అనే యువకుడు తన దగ్గరున్న 500 పౌండ్లు ఆమెకు వదిలివెళ్లాడు, ఆమె కట్టబోయే ఇంటికి ఒక కిటికీ పెట్టమని. చావు దగ్గరపడిన రోగుల కోసం పనిచేస్తానని ఆమె అన్నప్పుడు ఒక సర్జన్ ఇచ్చిన సలహా డాక్టర్ చదవమని. మిగతా డాక్టర్లు నర్సు మాట వినరు కాబట్టి. ఆమె చదివారు, నలభైకి చేరువలో 1957లో డాక్టర్ అయ్యారు, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. గొప్ప జీవితమే. కానీ ఇందులో ఒక చేదు ఉంది. నర్సుగా తెలిసిందే చెప్పడానికి ఆమెకు డాక్టర్ పట్టా కావాల్సి వచ్చింది. మన నర్సులందరూ ఎంబీబీఎస్ చదవలేరు కదా.

ఉగాండా వేరే దారి పట్టింది. మనకన్నా పేద దేశం, డాక్టర్ల కొరత మనకన్నా ఎక్కువ. 2004లో అక్కడ నిబంధన మార్చి, పాలియేటివ్ కేర్‌లో ప్రత్యేక శిక్షణ పొందిన నర్సులు నోటితో తీసుకునే మార్ఫిన్ రాయొచ్చని అనుమతించారు. కేరళ అంత దూరం వెళ్లలేదు. 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం తెచ్చి, పంచాయతీ స్థాయిలో నర్సు ఇంటింటికీ వెళ్లే పద్ధతి పెట్టింది. చిట్టీ డాక్టర్‌దే, కాళ్లూ కళ్లూ నర్సువి.

ఇక్కడ అభ్యంతరం ఒకటి ఉంది, అది తీసేయదగ్గది కాదు. మత్తు మాత్రలకు బానిసలైన కుర్రాళ్ల బాధ పాతబస్తీ తల్లులకు ఎవరూ చెప్పక్కర్లేదు. మార్ఫిన్ అదుపు తప్పితే ఆ మంట ఏ గల్లీకి చేరుతుందో వాళ్లకు తెలుసు. కాబట్టి రేపే నర్సుల చేతికి ప్రిస్క్రిప్షన్ పుస్తకం ఇచ్చేయాలని అడగడం తొందరపాటు. మధ్యేమార్గం ఉంది. ఈ రోగికి ఇంత మోతాదు, నొప్పి ఇంతకు మించితే అదనంగా ఇంత, దీన్ని దాటొద్దు అని డాక్టర్ ముందే రాసిపెట్టి, ఆ గీత లోపల నర్సును నిర్ణయించనివ్వడం. ప్రతి మాత్రకూ లెక్క, మిగిలినవి వాపసు. చాలాచోట్ల మంచి డాక్టర్లు ఇది చేస్తూనే ఉన్నారు, అయితే నమ్మకం మీద, నోటిమాటగా. దాన్ని కాగితం మీదకు తేవాలి. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. నర్సు పని పరిధి గురించి మాట్లాడడానికి ఇంతకన్నా తగిన సమయం ఉండదు.

హైదరాబాద్‌లో ఈ పని శూన్యం నుంచి మొదలుపెట్టాల్సిన అవసరం కూడా లేదు. ఎంఎన్‌జేలో డాక్టర్ గాయత్రి పాలాట్ బృందం ఏళ్లుగా పాలియేటివ్ విభాగాన్ని నిలబెట్టింది. పెయిన్ రిలీఫ్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీ వ్యాన్లలో నర్సులు నగరంలో రోగుల ఇళ్లకు ఉచితంగా వెళ్తున్నారు. రాష్ట్ర ప్రభుత్వం చేవెళ్లతో మొదలుపెట్టి జిల్లా ఆస్పత్రుల్లో పాలియేటివ్ వార్డులు, 'ఆలన' పేరుతో వాహనాలు పెట్టింది. దేశంలో చాలా రాష్ట్రాలకన్నా ఇది నయం.

కానీ మ్యాప్ చూడండి. కుముదిని దేవి హాస్పిస్ కూకట్‌పల్లి వైపు, రోటరీ వాళ్ల స్పర్శ్ హాస్పిస్ ఖాజాగూడలో. రెండూ నగరానికి పడమర వైపే. బండ్లగూడ నుంచి ఖాజాగూడకు రోజూ వచ్చి తల్లి దగ్గర కూర్చోవాలంటే ఆటో నడిపే కొడుక్కి ఆ రోజు సంపాదన పోయినట్టే. మహిళలకు బస్సు ఉచితం కాబట్టి కోడలు వస్తుంది, రెండు బస్సులు మారి. ఆరోగ్యశ్రీ ఆపరేషన్‌కు, కీమోకు, కరెంటు పెట్టడానికి ప్యాకేజీ లెక్క కడుతుంది. ఇలాంటి ఖర్చులకు లెక్క లేదు. ఒక ఇంటి పద్దు నిజంగా రాస్తే చికిత్స ఖర్చు పక్కనే పోయిన కూలి రోజులు కూడా రాయాలి. పాతబస్తీకి అందుకే ఇంటికొచ్చే నర్సు కావాలి, ఉర్దూలో మాట్లాడే నర్సు అయితే మరీ మంచిది.

చోటు కొరత లేదు. బస్తీ దవాఖానాలు 2018 నుంచి ఉన్నాయి. నవాబ్ సాహెబ్ కుంటలోని మస్జిద్-ఎ-ఇస్హాక్‌లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ ఆరోగ్య కేంద్రమే నడుపుతోంది. మసీదు ఆవరణలో బీపీ, షుగర్ చూడగలిగినప్పుడు వారానికి రెండు రోజులు పాలియేటివ్ నర్సు కూర్చునే గది దొరకదా?

దొరకనిది నర్సే. ఇక్కడ వేలు ప్రభుత్వం వైపే చూపించడం కుదరదు. పాతబస్తీ కుటుంబాలు ఆడపిల్లలను చదివిస్తున్నాయి, ఫార్మసీకి పంపుతున్నాయి, ఎంబీబీఎస్ సీటు వస్తే మిఠాయి పంచుతున్నాయి. నర్సింగ్ అనగానే ముఖాలు మారతాయి. మదీనాలో మసీదు ఆవరణలో గుడారం వేసి గాయపడినవాళ్లకు సేవ చేసిన రుఫైదా పేరు జల్సాల్లో వినిపిస్తుంది, సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం "నైట్ డ్యూటీలు ఉంటాయా?" అనే ప్రశ్నే వినిపిస్తుంది. కేరళ నుంచి వచ్చిన సిస్టర్ విరిగిన ఉర్దూ నేర్చుకుని అమ్మీ పుండు కడుగుతుంటే దువా ఇస్తాం. మన అమ్మాయి ఆ పని చేస్తానంటే వద్దంటాం.

హోమ్ కేర్ బృందం వెళ్లే రోజు దృశ్యం ఎలా ఉంటుందంటే, వ్యాన్ మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతుంది. లోపలికి గల్లీ ఇరుకు. నర్సు సంచి భుజాన వేసుకుని నడుస్తుంది. ఆ సంచిలో డ్రెస్సింగ్ సామాను, బీపీ మిషన్, యూరిన్ ట్యూబులు, మందులు. ఒక ఇంట్లో ముప్పావు గంట, తర్వాతి ఇల్లు ఇంకో బస్తీలో. వెళ్లేటప్పుడు మాత్రలు ఏ పూట ఎన్నో కోడలికి మరోసారి చెబుతుంది. చదవడం రాకపోతే సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసిస్తుంది.

మళ్లీ ఆమె వచ్చేది కొన్ని రోజుల తర్వాతే. ఈలోపు రాత్రి రెండింటికి నొప్పి పెరిగితే బస్తీ దవాఖానాకు తాళం ఉంటుంది, క్యాజువాలిటీకి తీసుకెళ్లాలంటే ఆటో దొరకాలి, అక్కడి డ్యూటీ డాక్టర్‌కు ఈ రోగి ఎవరో తెలియదు. చాలా ఇళ్లలో ఆ రాత్రికి మిగిలే దారి ఒక్కటే. మందుల చిట్టీ వెనక నర్సు పెన్నుతో రాసిచ్చిన తన సొంత ఫోన్ నంబర్.